సన్నం వేరు, పలచన వేరు

పుస్తకాల మీదా సినిమాల మీదా వ్యాసాలొచ్చే చోట టీషర్టు మీద రాస్తున్నాను. శుక్రవారం పొద్దున విడుదలైన సినిమాకి మధ్యాహ్నానికల్లా వంద సమీక్షలు వస్తాయి. రెండొందల రూపాయల కవితా సంపుటికి ముందుమాట, వెనకమాట, ఆవిష్కరణ సభలో ఆరుగురి మాట ఉంటాయి. రెండు వేలు పోసి కొని, ఏడాది పొడవునా ఒంటికి అంటించుకుని తిరిగే గుడ్డ మీద మాత్రం "నైస్ ప్రాడక్ట్, గుడ్ ఫిటింగ్" దాటి ఒక్క వాక్యం దొరకదు. ఆ మౌనం ఎవరికి లాభిస్తోందో చూద్దామనే ఈ రాత.

ఫిర్యాదు సూటిగానే చెప్తాను. ఆటల బట్టలమ్మే బ్రాండులు గుడ్డను పలచన చేస్తున్నాయి. ఆ పలచనకి "లైట్‌వెయిట్" అనో "ఎయిర్" అనో పేరు పెట్టి సన్నం ధరకి అమ్ముతున్నాయి. మనం కొంటున్నాం. మోసపోతున్నామని తెలియక కొంటున్నవాళ్లు కొందరైతే, తెలిసినా ఆ మోసాన్ని ఏ మాటతో చెప్పాలో తెలియక ఊరుకుంటున్నవాళ్లు ఎక్కువమంది. నాకు ఈ రెండో సంగతి మీదే కోపం ఎక్కువ. ఎందుకంటే ఆ మాటలు మన ఇళ్లల్లో ఉండేవి.

మాది పాణ్యం. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో, నల్లరేగడి మధ్య ఉంటుంది. చుట్టుపక్కలంతా పత్తి ఎరిగిన నేల. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 'నరసింహ' రకం పేరు మా వైపు పాత రైతులకి ఇంట్లో మనిషి పేరంత తెలుసు. ఇంకా వెనక్కి, తెల్లదొరల కాలానికి పోతే, నంద్యాల, కర్నూలు వైపు పత్తికి మద్రాసు వ్యాపారంలో 'నార్తర్న్స్' అని విడిగా పేరుండేది. బళ్లారి, అనంతపురం వైపుది 'వెస్టర్న్స్'. పోగు పొడవు చూసి, బిగువు చూసి, నేలను బట్టి సరుకుకి పేరు పెట్టి ధర కట్టిన మార్కెట్ అది. దోచుకోవడానికే వచ్చినవాళ్లు కూడా సరుకు చూడకుండా డబ్బివ్వలేదు.

మా జేజికి అక్షరం రాదు. గుడ్డ మాత్రం చదివేది. మాచాని సోమప్ప 1938లో పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సొసైటీ దుప్పట్లు మా ఇంట్లో తరాలుగా వాడేవాళ్లు. కొట్లో దుప్పటి విప్పగానే ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పెట్టి రుద్దేది. తర్వాత వాకిట్లోకి తెచ్చి ఎండకు పట్టేది. అప్పుడు తీర్పు. ఆ తీర్పులో నాలుగు మాటలుండేవి: ముతక, సన్నం, ఒత్తు, పలచన.

ఈ నాలుగు మాటల్నీ నేను చాలాకాలం రెండు జతలుగా కాకుండా ఒకే వరుసగా విన్నాను. ముతక అంటే బాగాలేనిది, సన్నమంటే బాగున్నది, మిగతావి వాటికి పర్యాయపదాలూ అని. ఇంజనీరింగు చదివినవాడిని కదా, తీరిగ్గా ఆలోచిస్తే ఇవి రెండు వేరు వేరు కొలతలని అర్థమవుతుంది. ముతక, సన్నం అనేవి పోగు లావుని చెప్తాయి. ఒత్తు, పలచన అనేవి ఆ పోగుల్ని ఎంత దగ్గరగా కూర్చారో చెప్తాయి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, నూరో నంబరు దాటిన నూలు వడికే పొందూరు ఖద్దరు సన్నం, ఒత్తు. పుండుకు కట్టే గాజుగుడ్డ సన్నం, పలచన. పాతకాలం దుప్పటి ముతక, ఒత్తు. నాలుగోది, ముతక పోగుని పలచగా కూర్చింది, జేజి లెక్కలో కొనదగ్గ గుడ్డే కాదు. ఇవ్వాళ మాల్‌లో అద్దాల వెనక, తెల్లటి లైట్ల కింద వేలాడేది ఎక్కువగా ఆ నాలుగోదే.

ఆటల బట్టలు నేసేవి కావు, అల్లేవి. పడుగూ పేకా ఉండవు. ఒక పోగుని ఉచ్చులుగా వేసుకుంటూ పోతారు. అయినా జేజి లెక్క ఇక్కడా పనిచేస్తుంది. గుడ్డ బరువుని పరిశ్రమలో జీఎస్ఎం అంటారు, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనేది. ఈ బరువు తగ్గించడానికి రెండు దారులున్నాయి. సన్నటి పోగు తీసుకుని చిన్న చిన్న ఉచ్చులతో దగ్గరగా అల్లడం ఒకటి. దానికి మంచి పోగు కావాలి, మిషను మీద టైము ఎక్కువ పడుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఉన్న పోగుతోనే ఉచ్చుల్ని వదులు చేయడం రెండోది. నూలు మిగులుతుంది, టైము మిగులుతుంది, డబ్బు మిగులుతుంది. తూకంలో రెండూ ఒకేలా తేలికగా ఉంటాయి. ట్యాగు మీద రెండింటికీ "లైట్‌వెయిట్" అనే ఉంటుంది. ఎండకు పడితే మాత్రం రెండోది జల్లెడలా కనపడుతుంది. పది ఉతుకుల తర్వాత మొదటిది అలాగే ఉంటుంది. రెండోదాని మెడ సాగి, అడుగు అంచు ఒక పక్కకి మెలి తిరుగుతుంది.

చెమట సంగతీ ఇంతే. పాలియెస్టర్ తనంతట తాను నీటిని దాదాపు పీల్చదు. మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటే, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. కాబట్టి చెమటని ఒంటి మీంచి లాగి బయటికి పరిచే పని వేరేగా చేయించాలి. పోగుకే పొడవునా కాలవల్లాంటి గాడులు వచ్చేట్టు తీయడం ఒక పద్ధతి. ఆ గుణం గుడ్డ ఉన్నంతకాలం ఉంటుంది. మామూలు పోగుతో అల్లేసి పైన రసాయనం పూయడం ఇంకో పద్ధతి. అది చవక, ఉతుకుతుంటే పోతుంది. మొదటి నెల చొక్కా అద్భుతంగా ఆరిపోయి, ఆరో నెలకి తడిగోనెలా వీపుకి అతుక్కుంటోందంటే కారణం మీ సబ్బు కాకపోవచ్చు. ఈ రెండు పద్ధతుల్లో దేనితో చేశారో చెప్పే ట్యాగు నాకు ఇంతవరకు తగల్లేదు. "డ్రై" అని ఉంటుంది, అంతే.

నా సొంత అనుభవంలోని కంపెనీ పేరు రాయను. పేరు రాయగానే "అయితే పక్క బ్రాండు కొనుక్కో" అనే చర్చ మొదలై అసలు విషయం పక్కకి పోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న పరుగు చొక్కా ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. అదే పేరుతో, అదే సైజులో కిందటేడు ఇంకోటి కొన్నాను. వంటింటి తూకం మీద పెట్టి చూశాను. ఎన్నో ఉతుకులు తిని అరిగిన పాతదానికంటే కొత్తది నాలుగో వంతు తేలిక. తేలికైతే మంచిదే అనుకుందామంటే, బాల్కనీలో పట్టుకుంటే ఎదురింటి నీళ్ల ట్యాంకు కనిపించింది. చూసి మా అమ్మ అంది: "ఏంది అబ్బీ ఇది, దోమతెర మాదిరుండాదే! దీనికి రెండు వేలా?"

మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. నలుగురు వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్‌లో వాళ్ల పని ఆగిపోయేంత మార్పు చేస్తే, వెర్షన్ నంబర్లో మొదటి అంకె మార్చాలి. ఏం తీశాం, ఏం పెట్టాం అని చేంజ్‌లాగ్ రాయాలి. రాయకపోతే జనం తిట్టిపోస్తారు, తిట్టాలి కూడా. బట్టల కంపెనీకి ఆ బాధ లేదు. అదే పేరు, అదే ఫోటో, అదే లోగో, లోపల వేరే గుడ్డ. పాత చొక్కా సంపాదించిపెట్టిన నమ్మకాన్ని కొత్త చొక్కా తినేస్తుంది. నేను దీన్ని నాణ్యత తగ్గడం అనను, కల్తీ అంటాను. పాలలో నీళ్లు కలిపితే అనే మాట నూలు మిగిల్చినవాణ్ని ఎందుకు అనకూడదు?

ఇదంతా చాదస్తమనుకునేవాళ్ల కోసం బహిరంగంగా జరిగిన కొన్ని సంగతులు.

కెనడాలో పుట్టిన లులులెమన్ యోగా ప్యాంట్లకి పేరు మోసిన కంపెనీ. 2013 మార్చిలో నల్ల ప్యాంట్లు పెద్ద ఎత్తున వెనక్కి తీసుకుంది. దుకాణాల్లో ఉన్న ఆడవాళ్ల ప్యాంట్లలో అవి 17 శాతం. కారణం, వంగితే గుడ్డలోంచి ఒళ్లు కనిపిస్తోంది. యోగా కోసం కొన్న ప్యాంటుతో వంగకూడదన్నమాట. తొడుక్కుని వంగి చూస్తే తప్ప ఆ లోపం తెలియదని అప్పటి ముఖ్య అధికారిణే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో సంస్థాపకుడు చిప్ విల్సన్ టీవీలో కూర్చుని, కొందరి శరీరాలు ఈ ప్యాంట్లకు సరిపడవని అన్నాడు. గుడ్డ పలచనైతే తప్పు తొడలదన్నాడు! డిసెంబరులో ఛైర్మన్ పదవి వదులుకుంటున్నట్టు ప్రకటించాడు. 2024 జూలైలో అదే కంపెనీ 'బ్రీజ్‌త్రూ' అనే కొత్త రకం లెగ్గింగ్స్ తెచ్చి, వెనక వైపు కుట్టు ఆకారం వికారంగా ఉందని కొన్నవాళ్లు గోలపెడితే కొన్ని వారాలకే అమ్మకం ఆపేసింది. మొదటిసారి గుడ్డ ఓడిపోయింది, రెండోసారి స్టైలు. ఈ కంపెనీయే టాటా క్లిక్‌తో కలిసి 2026లో మన దేశంలో దుకాణం తెరుస్తామని చెప్పింది కాబట్టి ఈ చరిత్ర మనకూ పనికొస్తుంది.

2024లోనే అమెరికా బేస్‌బాల్ లీగులో ఇంకా ముచ్చటైన గొడవ జరిగింది. నైకీ డిజైన్ చేసి ఫనాటిక్స్ కుట్టిన కొత్త యూనిఫాం అది. పాతదానికంటే 25 శాతం ఎక్కువ సాగుతుంది, 28 శాతం త్వరగా ఆరుతుందని ప్రచారం చేశారు. ఆటగాళ్లు తొడుక్కుని ఫోటోలకి నిలబడితే, టక్ చేసుకున్న చొక్కా కొసలు ప్యాంటులోంచి కనిపించాయి. వీపు మీద పేర్లు చిన్నబోయాయి. చెమట మరకలు మ్యాపుల్లా తేలాయి. ఏప్రిల్లో ఆటగాళ్ల సంఘం తప్పు నైకీదేనని సభ్యులకు నోటు పంపింది. తర్వాత కంపెనీ పాత పద్ధతి వైపు మళ్లక తప్పలేదు. ఆ రెండు శాతాలూ అబద్ధమని నేను అనడం లేదు. సాగడాన్ని కొలిచారు, ఆరడాన్ని కొలిచారు, ఒళ్లు కప్పుతుందా అనేదాన్ని ఎవరూ అంకెగా రాయలేదు. జేజి అయితే ముందు అదే చూసేది.

మన దగ్గర? 2017 ఆగస్టులో భారత క్రికెట్ ఆటగాళ్లు నైకీ కిట్ల నాణ్యత బాగాలేదని బోర్డుకు ఫిర్యాదు చేశారని పత్రికల్లో వచ్చింది. కోట్లు తీసుకుని ఆ గుర్తు తొడుక్కునేవాళ్లే పెదవి విరిచారంటే, డబ్బిచ్చి కొనుక్కున్న అభిమాని సంగతి చెప్పక్కర్లేదు. 2020లో నైకీ పోయి ఎంపీఎల్ వచ్చింది. మొబైల్ ఆటల యాప్ కంపెనీ జెర్సీ కుట్టించడమేమిటని ఎవరూ గట్టిగా అడగలేదు. 2023 మొదట్లో కిల్లర్ జీన్స్ వాళ్లు, ఆ జూన్‌కల్లా అడిడాస్. మూడేళ్లలో నీలిరంగు మీద నాలుగు గుర్తులు మారాయి. అడిడాస్ రాగానే ఒకే నీలంలో మూడు అంతస్తులు కట్టింది: 4,999 రూపాయలకి మైదానంలో వేసుకునే రకం, 2,999కి దాని నకలు, 999కి అభిమానుల రకం. దూరం నుంచి మూడూ ఒకటే. ఒక విధంగా ఇది నిజాయితీ అని కూడా అనొచ్చు, తక్కువ సరుకుని తక్కువ ధరకే అమ్మారు. కానీ ఈ మూడింటి గుడ్డల మధ్య తేడా ఏమిటో ఆ ధరల తేడాని చూసి ఊహించుకోవాల్సిందే.

ఇక కొత్త స్టైళ్ల సంగతికొద్దాం. ఓవర్‌సైజ్డ్, డ్రాప్ షోల్డర్, జాగర్స్, కో-ఆర్డ్ సెట్. నాకు ఫ్యాషన్ మీద పగ లేదు. మా అన్నయ్య బెల్‌బాటమ్ ఫోటోలు చూసి నవ్వుకున్నవాణ్నే, నా ఫోటోలు చూసి రేపు ఇంకొకరు నవ్వుకుంటారు. నా అభ్యంతరం ఇది. ఒంటికి సరిగ్గా అమరే చొక్కా కుట్టడం కష్టమైన పని. భుజం ఎక్కడ ముగుస్తుందో, చంక దగ్గర వంపు ఎంత ఉండాలో, ప్రతి సైజుకీ విడిగా లెక్కకట్టాలి. చెయ్యి పైకి లేపితే చొక్కా మొత్తం లేవకుండా చంకలో ఒక చిన్న ముక్క వేయాలి. ఒరుసుకోకుండా కుట్టుని చదునుగా పరచాలి. డ్రాప్ షోల్డర్‌లో భుజం మోచేతి వైపు జారిపోతుంది, వంపు తిన్నగా అయిపోతుంది, చంకలో ముక్క అక్కర్లేదు. కుట్టేవాళ్లకు సులువు, కంపెనీకి ఇంకా సులువు. అమరకపోవడమే స్టైలైన తర్వాత అమరలేదని ఎవరు ఫిర్యాదు చేస్తారు? ఆ మిగులంతా ఛాతీ మీద బొమ్మకీ, హోర్డింగు మీద హీరోకీ పోతుంది.

దీనికి గిరాకీ పుట్టించింది ఎవరయ్యా అంటే మనమే. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, వైట్‌ఫీల్డ్‌లో పరుగు చొక్కా వేసుకుని ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చునే జనం. ఏసీలో చెమట పట్టదు కాబట్టి పూత పోయినా తెలియదు. చెయ్యి కీబోర్డు దాటి పైకి లేవదు కాబట్టి చంకలో కుట్టు తెగదు. ఆటల బట్టకి అసలు పరీక్ష ఆట. ఆ పరీక్ష పెట్టని వాడకందారు కోట్లలో దొరికాక ఏ కంపెనీ అయినా ఎందుకు కష్టపడుతుంది?

పరీక్ష పెట్టేవాళ్లు వేరేచోట ఉన్నారు. మా చిన్నాయన కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. పొద్దున అయిదింటికి లేచి రోడ్డెక్కే ఇలాంటి పిల్లలు పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ దారుల్లో ఎంతమందో. వాళ్లకి చొక్కా అంటే బొమ్మ కాదు, చర్మం. వీడు రెండు నెలలు కూడబెట్టి, నేను వేసుకునే బ్రాండే కదా అని అదే కొన్నాడు. ఫోన్ చేసి అన్నాడు: "అన్నా, చంకల కాడ పిగిలిపాయనా. బిల్లు పారేసినా. లోపల కుట్టు ఒరుసుకోని ఒకటే మంట." నాకు ఒక చొక్కా పోతే ఇంకో చొక్కా. వాడికి ఆ నెల పాలూ గుడ్లూ మానేస్తేనే ఇంకో చొక్కా.

వాడి నోటి నుంచి వచ్చిన ఆ మాట చూడండి. పిగిలింది. గుడ్డ పాడవడానికి మన భాషలో ఎన్ని క్రియలున్నాయో! మేకు తగిలి చిరుగుతుంది. కుట్టు దగ్గర బిగువుకి ఆగలేక పిగులుతుంది. పాతబడి, తడికి మాగి చీకుతుంది. ఎండకీ ఉతుక్కీ వెలుస్తుంది. అంచు దగ్గర పోగులు లేస్తుంది. ప్రతి మాటలోనూ తప్పెవరిదో ఉంది. చిరిగితే నాది, చీకితే కాలానిది, పిగిలితే కుట్టినవాడిది, వెలిస్తే అద్దకంవాడిది. నగరానికొచ్చిన మనం వీటన్నిటినీ "డ్యామేజ్" అనే ఒక్క సంచీలో వేశాం. రిటర్న్ ఫారంలోనూ అదే ఒక్క గడి ఉంటుంది. వాడకందారు తప్పా, తయారీ తప్పా అనే తేడా ఆ గడిలో మునిగిపోతుంది.

పాతదంతా బంగారం అనే పాట నేను పాడటం లేదు. నా చిన్నప్పుడు స్కూల్లో వేసుకున్న నూలు బనియన్ రెండు రౌండ్లకే తడిసి బండరాయయ్యేది. మంచి పాలియెస్టర్ ఆ బాధ తీర్చింది. ఇప్పటికీ మంచివి కొన్ని తయారవుతున్నాయి. ఖరీదు పెరిగింది, నూలు ధర పెరిగింది, ధర పెంచకుండా నెట్టుకురావాలంటే ఎక్కడో తగ్గించాలి కదా అని కంపెనీల తరఫున వాదించే మిత్రులు నాకున్నారు. సరే, తగ్గించండి. తగ్గించామని ట్యాగు మీద రాయండి. పాత సీసాలు కరిగించి ఈ చొక్కా చేశామని పెద్ద అక్షరాలతో రాయడానికి చోటుంది కదా, ఆ పక్కనే జీఎస్ఎం రాయడానికి చోటు లేదా? అయినా ఎనిమిది నెలలకి చెత్తబుట్టలోకి పోయే చొక్కాతో ఏ భూమిని కాపాడుతున్నారో నాకు అర్థం కాదు.

ఈ సమాచారం లేక కాదు. ఏ ఆర్డరు పోయినా 'టెక్ ప్యాక్' అని ఒక కాగితాల కట్ట ఫ్యాక్టరీకి పోతుంది. గుడ్డ బరువు, పోగు రకం, అంగుళానికి ఎన్ని కుట్లు, ఏ కొలత ఎంతవరకు అటూ ఇటూ కావచ్చు, అన్నీ అందులో ఉంటాయి. తడ దగ్గర అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో లోదుస్తులు కుట్టే వేలమందీ అంతే. కుట్టు గీత తప్పితే సరుకు పక్కన పెట్టే కన్ను వాళ్లది. అంటే నాణ్యతని అంకెల్లో, మాటల్లో చెప్పుకునే భాష మన రాష్ట్రంలోనే, మన ఆడవాళ్ల చేతుల్లోనే రోజూ నడుస్తోంది. తయారుచేసేవాళ్లకి తెలుసు, చేయించేవాళ్లకి తెలుసు. డబ్బు కట్టేవాడికి మాత్రం హీరో ఫోటో.

నేను నా చొక్కా కంపెనీకి మూడు ప్రశ్నలు రాశాను. ఈ గుడ్డ ఎన్ని జీఎస్ఎం? చెమట లాగే గుణం పోగులో ఉందా, పూతలో ఉందా? ఇదే పేరుతో అమ్మిన పాత సరుక్కీ దీనికీ ఏం మారింది? మూడు రోజులకి జవాబొచ్చింది. మా బ్రాండు మీద మీ అభిమానానికి కృతజ్ఞతలు, కొత్త ఓవర్‌సైజ్డ్ కలెక్షన్ మీద 15 శాతం తగ్గింపు కూపన్, ఆదివారం వరకే. అవే ప్రశ్నలు మళ్లీ పంపాను. ఈసారి కూపన్ 20 శాతమైంది.

మా తమ్ముడు నంద్యాల బజారులో పేరూ ఊరూ లేని చొక్కా ఒకటి 250 రూపాయలకి కొన్నాడు. కొనేముందు కొట్టు బయటికి తెచ్చి ఎండకు పట్టి చూశాడట. "ఏం చూస్తాండావ్ అబ్బీ, నోటు కాదు కదా అది" అన్నాడట కొట్టాయన.